దించని లోడు

షాహీన్ నడుపుతున్న మిరప లోడు నిర్మల్ ఘాట్ ఎక్కేసరికి ఆరో తరగతి గది మొత్తం ఊపిరి బిగబట్టింది. వెనక వరసవాళ్ళు బెంచీలెక్కి నిలబడ్డారు. సోషల్ టీచరు అనసూయగారు వాళ్ళని దిగమనడం మర్చిపోయి తనూ మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

"చిన్న గేరెయ్యి. ఎదర బస్సు దిగతంది, దానికి దారియ్యి ముందు" అంది తెరలోంచి ఓ బొంగురు గొంతు.

షాహీన్ గేరు మార్చింది. బస్సు రాసుకుంటూ పోయింది. మలుపులన్నీ తిరిగి లారీ అవతలికి దిగేసరికి రోడ్డు పక్క నేల రంగు మారిపోయింది. "ఈ నల్లమట్టిలో ఏం పండుద్దో చెప్పి కదులు" అని బండి ఆగింది. "పత్తి!" అని నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి. తర్వాత వచ్చిన వంతెన కింద పెన్‌గంగ అని ఎవరూ అడక్కుండానే చెప్పేశారు. తప్పు చెబితే టైరు పంక్చరవుతుంది, చెట్టు కింద కూర్చుని మళ్ళీ చదువుకోవాలి. పోయినేడు ఇదే పాఠం చెబుతుంటే సగం క్లాసు కునుకు తీసిందని అనసూయగారు ముందే చెప్పింది.

గది మూల నిలబడ్డ సుభాషిణికి ఆ కేకలు వింటుంటే కడుపు నిండినట్టుంది. ఆట తయారు చేసింది తనే. తెరలోని గొంతు మాత్రం వాళ్ళ అన్నయ్య కోటిలింగానిది. గొంతే కాదు, ఆ మలుపులూ, బస్సు దిగే వేళా, ఘాట్ దాటగానే మట్టి మారడమూ, అన్నీ విజయవాడ ఆటోనగర్‌లో ఉంటూ సగం జీవితం లారీ మీద గడిపిన ఆయన బుర్రలోంచి వచ్చినవే.

'నాగపూర్' అన్న బోర్డు తెర మీదకి రాగానే బాజాలు మోగి చుక్కలు కురిశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. షాహీన్ మాత్రం స్టీరింగు వదల్లేదు.

"మేడం, మరి మిరపకాయలు?"

"ఏం మిరపకాయలమ్మా?"

"బండి నిండా ఉన్నాయిగా. యాడ దించాలి?"

సుభాషిణి నవ్వేసింది. "ఊరొచ్చేసిందిగా. జాగ్రఫీ అక్కడికే."

"బోర్డు కింద పడేసి పోతామా అయితే?" అంది షాహీన్. క్లాసంతా గొల్లున నవ్వింది. సరిగ్గా అప్పుడే సుభాషిణి ఫోను మోగింది. అన్నయ్య. నవ్వుతూనే వరండాలోకి వెళ్ళి ఎత్తింది.

"అమ్మాయ్" అన్నాడు కోటిలింగం. ఆ ఒక్క మాటకే ఆమె నవ్వు ఆగిపోయింది. "నిర్మల్ కాడ టీ కొట్టు ముందర బండి పక్కకి పెట్టా. నాకు ముందు దారి తెలవట్లా."

"ఫోనులో మ్యాప్ పెట్టుకో అన్నయ్యా."

"ఇందాకటి నుంచీ దాన్ని చూసే వచ్చా. ఎటు తిరగాలో అది చెబుతాది. తిరిగినాక ఏముంటదో నాకు తెలవాలిగా? ఈ ఘాట్ నేనెన్నిసార్లు ఎక్కానో దేవుడికెరుక. ఇప్పుడు చూస్తే ఎవరిదో రోడ్డులాగుంది. ఎనకాల అంత లోడు పెట్టుకుని ఎవరి రోడ్డో ఎక్కమంటావా?"

ఆయన గొంతులో భయం సుభాషిణి పుట్టాక వినలేదు.

ఆటోనగర్ వాళ్ళే మరొకరు అటుగా పోతూ ఆ బండిని నాగపూర్ చేర్చి పెట్టారు. కోటిలింగం బస్సెక్కి ఇంటికొచ్చాడు. లారీ డ్రైవరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రావడం ఆయనకెంత చిన్నతనమో చెప్పక్కర్లేదు.

*

మంగళగిరిలోని ఆ చిన్న పరిశోధనశాలలో సుభాషిణి చేసిన టోపీ చూడ్డానికి క్రికెట్ హెల్మెట్‌లా ఉంటుంది. అది పెట్టుకుని మనిషి కళ్ళు మూసుకుని తనకు తెలిసిన దారిని తలుచుకోవాలి. బుర్రలో చోట్లని గుర్తుపెట్టుకునే కణాలు వరసగా వెలుగుతాయి. టోపీ వాటిని చదివి తెర మీద రోడ్డు గీస్తుంది. మామూలు మనుషులు తలుచుకుంటే ఇంటి నుంచి కూరల మార్కెట్టు దాకా రెండు వీధులు వచ్చేవి, అవీ అతుకులతో. కోటిలింగాన్ని కూర్చోబెడితే, కళ్ళు మూసుకుని చేతులు గాల్లో తిప్పుతూ, మధ్యమధ్య ఎవర్నో తిడుతూ, గుంటూరు మిరపయార్డు గేటు దగ్గర్నుంచి నాగపూర్ దాకా గతుకులతో సహా దించేశాడు. ల్యాబు పెద్ద డాక్టర్ ఇందుశేఖర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నా రోడ్డు పిల్లలకి పాఠమా!" అని కోటిలింగం పొంగిపోయాడు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఖాళీ దొరికితే చాలు, తనే వచ్చి టోపీ అడిగేవాడు. నాగపూర్ తర్వాత సూరత్, కలకత్తా, గౌహతి. అన్నకి పని తప్పించి ముచ్చట్లు లేవనుకునే సుభాషిణికి, ఆయన కళ్ళు మూసుకుని తపతి నది గురించి చెబుతుంటే వినడం పండగలా ఉండేది.

ఇప్పుడు ఆ పండగే నెత్తికి చుట్టుకుంది. నాగపూర్ ఒక్కటే కాదు, సూరత్ దారిలో షోలాపూర్ దాటాక మసక. కలకత్తా దారిలో బరంపురం అవతల ఏముందో ఒకరోజు తెలుస్తుంది, ఒకరోజు తెలియదు. టోపీలోకి ఎక్కించిన దారులే పోతున్నాయి, ఎక్కించనివి చెక్కుచెదరలేదు. ఇది తెలిశాక సుభాషిణికి అన్నం సయించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పాత రికార్డులన్నీ ముందేసుకుని కూర్చుంది.

"నకలు తీస్తే అసలు పోదు సుభాషిణీ" అన్నాడు ఇందుశేఖర్. "ఫొటో తీసినంత మాత్రాన మనిషి అరిగిపోతాడా?"

"మరి ఎక్కించినవే ఎందుకు పోతున్నాయి సార్?"

పెద్ద మనిషి కాబట్టి తెలియదని ఒప్పుకున్నాడు. అప్పటికి అదే మేలు.

*

ఆదివారం పొద్దున సుభాషిణి ఆటోనగర్ వెళ్ళింది. అన్నయ్య వాకిట్లో మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆయన లారీ. కడిగి, తుడిచి, మళ్ళీ కడిగినట్టుంది, అద్దంలా మెరుస్తోంది. ఆయన మాత్రం మాసిన గడ్డంతో గుర్తుపట్టేట్టు లేడు.

వంటింట్లో వదిన ధనకుమారి వంకాయలు తరుగుతూ గొంతు తగ్గించింది.

"మీ అన్నయ్య ఇంటికొచ్చారన్న మాటే గానీ బండి దిగినట్టు లేదు సుభా. కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలు తిని లేస్తారు, రోడ్డు పక్క హోటల్లో తిన్నట్టు. మంచం మీద పడుకోరు, ఆ కుర్చీలోనే కునుకు. గడ్డం గీసుకోమంటే వినరు. దిగులు పడ్డారమ్మా, నాకు భయంగా ఉంది."

"వదినా, అన్నయ్య గడ్డం సంగతి నీకు తెలుసుగా. ట్రిప్పులో ఉన్నప్పుడు..."

"తెలియకేం. పని నేర్పిన గురువు పెట్టిన కట్టుబాటు. లోడు దిగేదాకా మొహాన కత్తి పెట్టకూడదని. కానీ ఇప్పుడు ట్రిప్పెక్కడిది?"

సుభాషిణి వాకిట్లోకి వెళ్ళి అన్నయ్య పక్కన నేల మీద కూర్చుంది. ఆయన ఆమె వంక చూడకుండానే కుర్చీ జరుపుకుని నీడ ఇచ్చాడు.

"అన్నయ్యా, గడ్డం ఎందుకు గీసుకోవట్లా?"

"లోడు దించలేదుగా" అన్నాడు కోటిలింగం టక్కున.

అని తనే ఉలిక్కిపడ్డాడు. చేతులు చూసుకున్నాడు. ఖాళీ లారీ వైపు చూశాడు.

"ఏ లోడు అన్నయ్యా?"

"ఏమోనే. ఎందుకన్నానో... నిజం చెప్పనా? కళ్ళు మూస్తే ఎనకాల బరువున్నట్టే ఉంటాది. ఒకటి కాదు, నాలుగు బండ్ల బరువు. అన్నీ ఊరి బయటే నిలబెట్టి వచ్చినట్టుంది. నవ్వమాకు."

సుభాషిణి నవ్వలేదు. బోర్డు కింద పడేసి పోతామా అన్న షాహీన్ మాట చెవిలో గింగుర్లెత్తింది. ప్రతి రికార్డు చివరా వినిపించే తన మాట కూడా గుర్తొచ్చింది: "చాలన్నయ్యా, బోర్డొచ్చింది." అలా అని ప్రతిసారీ తనే టోపీ తీసేసేది. ఆటకి కావలసింది రాష్ట్రాలూ నదులూ నేలలూ. మార్కెట్టు సందులతో పిల్లలకేం పని అనుకుంది. అన్నయ్య చేతులు ఇంకా గాల్లో తిరుగుతూనే ఉండేవి. పాపం ఆయన సిగ్గుపడి ఒళ్ళో పెట్టేసుకునేవాడు.

జ్ఞాపకాన్ని పూర్తిగా కదిపి బయటికి తీస్తే అది కాసేపు పచ్చిగా ఉంటుందని ఆమె చదువుకున్నదే. అలికిన నేల లాంటిది. ఆరితే మళ్ళీ గట్టిపడుతుంది. ఆరకముందే అటూ ఇటూ తొక్కితే పెళ్ళలు లేచిపోతాయి. ఏ మనిషికైనా 'అయిపోయింది' అని ఎప్పుడు అనిపిస్తుందో, అప్పుడే ఆరడం మొదలవుతుంది. డ్రైవరుకి బోర్డు కనబడితే ట్రిప్పు అయిపోదు. తాళ్ళు విప్పాలి, లోడు మీద కప్పిన పట్టా తియ్యాలి, ఆఖరి బస్తా దిగాలి. ఇల్లలకగానే పండగ కాదని అందరికీ తెలుసు. తనకీ తెలుసు. అయినా ప్రతిసారీ ఊరి బయటే ఆపేసింది.

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. కోటిలింగం కంగారుపడి తువ్వాలు అందించాడు.

*

"ప్రమాదం ఉంది" అన్నాడు ఇందుశేఖర్, కోటిలింగానికి సూటిగా. "సగం చెరిగిన దారిని మళ్ళీ కదుపుతున్నాం. మీ చెల్లెలు అన్నది నిజమైతే చివరిదాకా పోయి గట్టిపడుతుంది. కాకపోతే మిగిలిన సగం కూడా పోవచ్చు. బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది సార్. నడిరోడ్డు మీద ఆగిపోయిన బండిని అటైనా ఇటైనా తొయ్యాల్సిందే. అక్కడే పెడితే ఎనక వచ్చేవాడు గుద్దుతాడు."

ముందు సూరత్ దారి మొదలుపెట్టారు. పత్తి బేళ్ళ లోడు. షోలాపూర్ దాకా తెర మీద రోడ్డు చక్కగా వచ్చింది. అక్కడి నుంచి అతుకులు, చిల్లులు. కోటిలింగం నుదుట చెమట పట్టింది. చిల్లులొచ్చిన చోటల్లా సుభాషిణి పాత రికార్డులోంచి ఆయన గొంతే ఆయనకి వినిపించింది. "ఇక్కడ చెరుకు బండ్లు అడ్డమొస్తాయి, చూసుకో" అని తన మాటే తను విని "ఔనౌను" అంటూ ముందుకు పోయాడు. సూరత్ బోర్డు వచ్చింది. అలవాటుగా సుభాషిణి చెయ్యి టోపీ మీదకి పోబోయింది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది.

తెర మీద ఎప్పుడూ చూడని సందు ఒకటి విప్పారింది. గోదాము గేటు. కోటిలింగం హిందీలో ఎవరితోనో గొడవ పెట్టుకున్నాడు, మళ్ళీ నవ్వి సర్దుకున్నాడు. గాల్లో ముడులు విప్పాడు. కుర్చీ పక్కన పట్టా మడిచాడు. ఒక్కో బేలు దిగుతుంటే ఆయన భుజాలు కిందికి జారడం అందరికీ కనబడింది. చివర్న వంగి, లేని డ్రమ్ములోంచి లేని నీళ్ళు ముంచి కాళ్ళు కడుక్కున్నాడు. టోపీ తనే తీశాడు.

"ధనా" అన్నాడు మూల కూర్చున్న భార్యతో. "ఆకలేస్తంది. కారియర్‌లో ఏం తెచ్చావ్?"

ధనకుమారి గబగబా కారియర్ విప్పి గిన్నెలు పరిచింది. అన్నం అంతా ఆయనే తిన్నాడు. ఇందుశేఖర్‌కి పెరుగన్నం మిగిలింది.

మర్నాడు సుభాషిణి గుండె చిక్కబట్టుకుని సూరత్ దారి అడిగితే కోటిలింగం పళ్ళు తోముకుంటూనే గడగడా చెప్పేశాడు. ఆ వారంలో కలకత్తా లోడు దిగింది, గౌహతి లోడు దిగింది. ఒక్కొక్కటి దిగినప్పుడల్లా ఇంట్లో ఒక పూట భోజనం సవ్యంగా జరిగింది. ధనకుమారి మొహాన నవ్వొచ్చింది. సుభాషిణికి నిద్ర పట్టింది.

నాగపూర్ మాత్రం రాలేదు. మొదట ఎక్కించిన దారి, పైగా పచ్చిగా ఉండగానే నిర్మల్ దాకా బండి తోలి తొక్కేశాడు. టోపీ పెడితే తెర నల్లగా ఉండిపోయింది. గొంతు వినిపించినా ఆయనకి ఏదీ తగల్లేదు, పరాయివాడెవరో చెబుతున్నట్టుంది.

"నా వల్లే పోయిందన్నయ్యా."

"పోతే పోయింది. మిగతావన్నీ వచ్చాయా లేదా?" అన్నాడు కోటిలింగం. లోలోపల మాత్రం కాస్త కుంగాడు. ఆయన స్టీరింగు పట్టడం నేర్చిందే ఆ రోడ్డు మీద. కాసేపటికి తలెత్తాడు. "అసలు పోలేదేమోనే. ఆ బళ్ళో పిల్లలకి వచ్చుగా?"

*

గుంటూరులో మిరప లోడు ఎక్కించుకుని బయల్దేరారు. క్లీనరు సీటులో సుభాషిణి, నిర్మల్ దాకా మ్యాప్ చూసి దారి చెబుతూ. మిరపఘాటుకి తుమ్మీ తుమ్మీ ఆమె ముక్కు దొండపండైంది. మర్నాడు బడి ప్రార్థన అయ్యే వేళకి నిర్మల్ టీ కొట్టు దగ్గర ఆగి ఫోను కలిపింది. అవతల అనసూయగారు స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచిందట. నలభైమందీ ఒక్కసారి మాట్లాడారు.

"ఒక్కొక్కళ్ళు!" అంది అనసూయగారు. "ఘాట్ షాహీన్ చెబుతుంది."

కోటిలింగం స్టీరింగు మీద చెయ్యేసి దణ్ణం పెట్టుకున్నాడు.

"డ్రైవరంకుల్, చిన్న గేరెయ్యి" అంది షాహీన్. అచ్చం తెరలోని గొంతులాగే సాగదీసింది. "ఎదర బస్సు దిగతంది, దానికి దారియ్యి ముందు."

"బస్సేదమ్మా?" అని ఆయన అంటుండగానే మలుపులోంచి ఎర్రబస్సు ముక్కు బయటపెట్టింది. కోటిలింగం పక్కకి తీశాడు. బస్సు రాసుకుంటూ పోయింది. సుభాషిణి ప్రాణం లేచొచ్చింది.

"భలే చెప్పావు గురువుగారూ! తర్వాత?"

"తర్వాత ఎడం పక్క పెద్ద లోయ. దాన్ని చూడకు, అద్దంలో ఎనకాల చూసుకో."

ఘాట్ దిగారు. నేల నల్లబడింది. ఆ పంటేమిటో చెప్పి కదలమని పిల్లలు పట్టుబట్టారు. కోటిలింగం కావాలని 'వరి' అంటే పంక్చరు పంక్చరని గోల చేశారు. పాండర్‌కవడా దగ్గర ఒక ధాబా ఉండాలన్నారు, అక్కడ పెట్రోలు బంకు ఉంది. దారి తప్పామేమోనని సుభాషిణి హడలిపోయింది. క్లాసులో పెద్ద తగువు లేచి, పక్కనే వంతెన ఉందో లేదో చూడమని చివరికి తీర్పిచ్చారు. వంతెన ఉంది. మధ్యాహ్న భోజనం గంటకి ఇటు బండీ ఆగింది, అటు క్లాసూ లేచింది. మళ్ళీ కూర్చున్నాక హింగన్‌ఘాట్ ఊరు దాటించారు. కోటిలింగం ఆ దారి పొడుగునా తల అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

"ఇంత బాగుంటదని నాకు తెలవదే" అన్నాడోసారి. "అప్పుడు ఇట్టా చూశానో లేదో."

బడి వదిలే వేళ దగ్గర పడుతుండగా ఎదురుగా ఆకుపచ్చ బోర్డు కనిపించింది. నాగపూర్. సుభాషిణి పేరు పైకి చదవగానే ఫోనులో చప్పట్లు హోరెత్తాయి. ఎవరో నోటితోనే బాజాలు మోగించారు.

చప్పట్లు ఆగాక షాహీన్ గొంతు సన్నబడి వినిపించింది. "అంకుల్, ఇక్కడిదాకే మాకు తెలుసు. ఇంక తెలీదు. ఇప్పుడెట్టా?"

అప్పటికే కోటిలింగం లారీని కుడి పక్క వరసలోకి తీసుకుంటున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఆయన ఫోను వంక చూడలేదు. ముందున్న వంతెన కింద నుంచి పోవాలా, మీద నుంచా అని అరక్షణం కూడా ఆగలేదు. సుభాషిణికి అర్థమైంది. బోర్డు ఇవతల ఉన్నదాన్నే తను టోపీలోకి తీసింది. అవతలిది ఎన్నడూ ముట్టుకోలేదు. ముట్టుకోనిది ఎక్కడికీ పోలేదు.

"ఇక్కడి నుంచి నాకు తెలుసమ్మా" అన్నాడు కోటిలింగం. "కలమ్నా మార్కెట్టు దాకా నేను చెబుతా, మీరు తోలండి. అందరూ సరిగ్గా కూర్చున్నారా?"

ఫోనులో బడి వదిలిన గంట గణగణా మోగింది. సుభాషిణి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఒక్క బెంచీ కూడా కదిలిన చప్పుడు రాలేదు.

"కూర్చున్నాం అంకుల్!"

"అయితే కుడి పక్క లైటు వెయ్యండి" అన్నాడు కోటిలింగం. "అద్దంలో చూసుకుని, నిదానంగా తిప్పండి."